కిడ్నీలు బాగున్నాయన్నాను

మా హేమ ఇప్పుడు బాగుంది. చదివేవాళ్ళు గుండె అరచేతిలో పెట్టుకుని చివరిదాకా కూర్చోకూడదని ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు తప్పుతాయేమో గాని జరిగింది మాత్రం తప్పదు. ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో, ఆ పూట ఏ కూర వండామో కూడా నాకు గుర్తుంటుంది. మరిచిపోగలిగితే బాగుండునని ఈ రెండేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను.

హేమ నా తోడికోడలు, మా మరిది పాపారావు భార్య. ఆమె కాపురానికి వచ్చేసరికి నాకు ఇద్దరు పిల్లలు. పుట్టింట్లో పొయ్యి ఊదడం కూడా రాని పిల్ల, నా వెనకాలే తిరిగి అన్నీ నేర్చుకుంది. ఉద్దానంలోని మా ఊరి నుంచి కాశీబుగ్గకి ఆటోలో అరగంట. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇద్దరం ఎదురెదురు పీటల మీద కూర్చుని పప్పు పొట్టు తీసేవాళ్ళం. నా చేతిలో గుళ్ళు, అంటే నిండు పప్పులు, విరిగితే, మేస్త్రి చూడకుండా తన పళ్ళెంలోకి లాక్కునేది.

అడ్డపొగ కూడా నా దగ్గరే నేర్చుకుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఆడవాళ్ళు కొందరు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరదు, చేతులకి పని ఆగదు. మా అత్తగారు అలాగే కాల్చేది, ఆవిణ్ణి చూసి నేనూ మొదలుపెట్టాను. హేమకి మొదటి కాన్పయ్యాక పన్ను పోటు వచ్చి దవడ వాచిపోయింది. ఏడుపు చూడలేక నేనే చుట్ట వెలిగించి ఇచ్చాను.

"ఓలక్కా, నాలిక కాలిపోద్దే!"

"కాలదు. నాలిక కిందకి దించు. పొగ పైకి తగలాల. నొప్పి సచ్చిపోద్ది సూడు."

నొప్పి పోయింది. చుట్ట ఉండిపోయింది, ఇరవై ఆరేళ్ళు.

రెండేళ్ళ కిందట, జీడితోటలు పూతకొచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో అన్నం తింటూ హేమ ముద్ద బయటికి ఊసేసింది. ఆవకాయ నోటికి నిప్పులా తగిలిందట. ఫోను లైటు వేసి చూశాను. అడ్డపొగ తాగే నోళ్ళలో అంగిలి తెల్లబడటం కొత్త కాదు, నాదీ తెల్లగానే ఉండేది. కాని హేమ అంగిట్లో ఆ తెలుపు మధ్య ఎర్రగా, శనగగింజంత పచ్చిపుండు ఉంది. దాని అంచులు గట్టిగా, లేచి ఉన్నాయి. 

"ఏటుందక్కా?"

"ఏటుంటాది? ఏడి సేసినాది. మజ్జిగ తాగు."

రెండు వారాలకి అన్నం తగ్గించేసింది. ఉద్దానంలో మనిషికి ఆకలి తగ్గితే ఎవరూ పైకి అనని మాట ఒకటుంది: కిడ్నీలు. హేమ అన్నయ్య డయాలసిస్ మీద మూడేళ్ళుండి పోయాడు. వారానికి రెండుసార్లు అతన్ని పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఈ పిల్లే. అందుకని నోట్లో పుండు ఆమెకి పుండులా కనబడలేదు. లోపల కిడ్నీ పాడై, అది నోట్లోకి పొక్కిందనుకుంది.

టెక్కలి తీసుకెళ్ళాను. ముందు రక్తం ఇచ్చాం. రిపోర్టు వచ్చేదాకా ల్యాబు మెట్ల మీద కూర్చుని హేమ చీర కొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. లోపలి అమ్మాయి కాగితం తెచ్చి, "మీ కిడ్నీలు బాగున్నాయండీ" అంది. హేమ ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. దారినపోయేవాళ్ళు ఎవరో పోయారనుకుని ఆగారు.

"సంతోసంతో ఏడుత్తంది, ఎల్లండి బాబూ," అని నేనే పంపేశాను.

తర్వాత పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ హేమ నోట్లో చాలాసేపు చూసింది. మెడ తడిమింది. హేమను బయట కూర్చోమని నన్ను ఉండమంది.

"మీరు ఆవిడకేమవుతారు?"

"అక్కలాంటి దాన్నమ్మా."

"అది మామూలు పుండులా లేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. విశాఖకి రాసిస్తున్నాను, ఈ వారంలోనే వెళ్ళండి. ఆవిడకి నన్ను చెప్పమంటారా?"

"నాను సెప్తానమ్మా," అన్నాను.

గది తలుపు నుంచి హేమ కూర్చున్న బెంచీకి పది అడుగులుంటాయి. ఆ పది అడుగుల్లోనే నేను పాడయ్యాను. మా పిన్నికి రొమ్ములో గడ్డ వస్తే ముక్క తీశారు, ఏడాది తిరక్కుండా పోయింది. కత్తి పడ్డాకే పాకిందని మా ఇంట్లో అందరూ అన్నారు. ఆ మాట వింటూనే పెరిగాను. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ గడ్డ ఎంతైందని మాలో ఒక్కరూ అడగలేదు. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. దీని కింద ఇంకొకటుంది, దాన్ని ఈ కాగితం మీద మొదటిసారి రాస్తున్నాను. విశాఖ వెళితే, అడ్డపొగ ఎవరు నేర్పారని అడుగుతారు. నా మరిది ముందు, హేమ ముందు అడుగుతారు.

హేమ కిడ్నీల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రెండు చేతుల మధ్య పట్టుకుని ఉంది.

"ఏటన్నాదక్కా?"

"ఏటీ లేదు. ఏడే. కిడ్నీలు బాగున్నాయి కదేటి, ఇంకేటి కావాల నీకు?"

బస్టాండు దగ్గర హేమ జిలేబీ పొట్లం కొంది. నోరు మండి తను తినలేకపోయింది. బస్సులో పక్కసీటువాళ్ళకి పెట్టింది. కండక్టరుకీ పెట్టింది. "మా కిడ్నీలు బాగున్నాయి బాబూ, తిను" అంటే ఆయన నవ్వి తీసుకున్నాడు. నాకూ ఒకటి పెట్టింది. తిన్నాను. డాక్టరమ్మ రాసిన కాగితం ఇంటికొచ్చాక నా ట్రంకుపెట్టెలో, అడుగున, పట్టుచీర మడతలో దాచాను.

పూత పిందెలైంది, పిందెలు పిక్కలయ్యాయి. తోటల్లో పిక్కలు ఏరడం మొదలైంది. హేమ చేత చుట్ట మానిపించాను, నేనూ మానేశాను. "ఏటక్కా, ముసిల్దానివైపోనావు, బుద్దొచ్చిందేటి?" అని ఆటపట్టించింది. పటిక నీళ్ళు పుక్కిలించమన్నాను, తేనె రాశాను. దేవుడికి మొక్కాను కూడా, అదీ ఎవరికీ చెప్పకుండా. పుండు శనగగింజ నుంచి పావలా బిళ్ళంతైంది. పై పన్ను ఒకటి కదిలింది. రోజూ పొద్దున్నే అడిగేది, "సూడక్కా, తగ్గినాదా?" అని. నేను లైటు వేసి, ఆమె పళ్ళ వైపు చూసి, "తగ్గతంది" అనేదాన్ని. పుండు వైపు చూడటం ఎప్పుడో మానేశాను.

నాలుగు నెలలు. తొలకరి పడ్డ వారం, ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ తీస్తూ హేమ చేయి ఆగింది.

"అక్కా, ఇక్కడ తడుము. జీడిపిక్కంత తగల్తంది."

దవడ కింద, మెడ మీద. తడిమాను. రాయిలా ఉంది.

ఆ సాయంత్రమే పాపారావుకి చెప్పాను, హేమని విశాఖ తీసుకెళ్ళాలని. ఇంకో అబద్ధం కూడా ఆడాను, "టెక్కలి డాక్టరమ్మ తగ్గకపోతే ఎల్లమంది" అని. పట్టుచీర మడత విప్పలేదు.

పలాసలో పొద్దున్నే రైలెక్కాం. పెద్దాసుపత్రి వరండాలో బెంచీలు చాలవు, గోడవార దుప్పట్లు పరుచుకుని జనం ఉంటారు. కాగితం ఒక కిటికీ, రక్తం ఒక కిటికీ, ఫోటో ఇంకో బిల్డింగు. ఎవరి పేరు పిలిచినా అందరూ తలెత్తుతారు. సోంపేట నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకి గొంతులో జబ్బు, మమ్మల్ని మాట తీరు బట్టి గుర్తుపట్టి పక్కన చోటిచ్చింది. ఏ కిటికీకి ఎప్పుడు వెళ్ళాలో, ఏ క్యాంటీన్లో ఇడ్లీ జావలా చిదిపి ఇస్తారో ఆవిడే చెప్పింది. పేరు అడగడం కూడా మరిచిపోయాను. నేను మరిచిపోయిన కొద్దివాటిలో అదొకటి.

ముక్క తీస్తారనగానే హేమ నా చేయి పట్టుకుంది.

"అక్కా, మీ పిన్నికిలాగ పాకిపోదు కదా?"

మా పిన్ని కథ పొట్టు తీస్తూ ఆమెకి నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆమె చేయి నిమిరాను.

రిపోర్టు వచ్చాక చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ నన్నూ పాపారావునీ కూర్చోబెట్టి చెప్పింది. క్యాన్సరు. అంగిట్లో మొదలై మెడలోని బిళ్ళకి చేరింది. అంగిట్లో కొంత భాగం, మెడలో బిళ్ళలు తీసేయాలి, ఆ తర్వాత కరెంటు పెట్టాలి, అంటే రేడియేషను. పాపారావు తలవంచుకుని తువ్వాలు నలుపుతున్నాడు. నాకు ఒక్కటే కావాలి.

"అమ్మా, మొన్న ముక్క తీసారు కదా, దానికి పాకినాదేటి?"

నేను ఏ జవాబు కోరుకున్నానో దేవుడికి తెలుసు. అవునంటే, నాలుగు నెలలు ఆపి మంచిపనే చేశానని అనుకోవచ్చు.

"ముక్క తీసి పది రోజులైంది. మెడలో బిళ్ళ అంతకుముందే ఉంది కదమ్మా," అంది నెమ్మదిగా. "ఈ భయం చాలామందికి ఉంటుంది. కాని దీన్ని పాకించింది మా కత్తి కాదు. దాని దగ్గరే కత్తెరలున్నాయి."

కాగితం మీద గీసి చూపించింది. ఒంట్లో కణాలు ఊరికే ఒకదాని మీద ఒకటి పడి ఉండవట. వాటి మధ్య మాంసకృత్తులతో నేసిన దారాల వల ఉంటుంది, నోటి చర్మం కింద కంచెలాంటి పొర ఉంటుంది. ఆ కంచె గట్టిగా ఉన్నంతకాలం గడ్డ ఉన్నచోటే ఉంటుంది. కాని గడ్డ చుట్టూ ఆ దారాలను కోసే రసాలు ఊరుతాయి. ఎంజైములంటారు వాటిని. కాస్త కాస్తగా కోసుకుంటూ అవి దారి చేస్తాయి. ఆ దారిన కొన్ని కణాలు జారుకుని మెడలోకి, ఇంకా దూరానికి పోతాయి. వలలో దాగి ఉన్న బలం కూడా తెగినచోట బయటికొచ్చి, గడ్డకి ఎరువులా అందుతుందట.

మేకమాంసం ముదురుదైతే నేను పచ్చిబొప్పాయి ముక్క వేస్తాను. ఊళ్ళో పెళ్ళిళ్ళకి కూడా అందుకే నన్ను పిలుస్తారు.

"బొప్పాయి పాలకి మాంసం మెత్తబడిపోద్ది, అలగేటమ్మా?"

ఆవిడ మొహం వెలిగింది. "సరిగ్గా అలాంటిదే. బొప్పాయి పాలలో ఉన్నదీ ఆ జాతి రసమే."

"ఆ కత్తెర్లు గడ్డే సేసుకుంటాదా?"

"కొన్ని అదే చేసుకుంటుంది. చాలావాటిని పక్కనున్న మంచి కణాల చేత చేయించుకుంటుంది. ఎక్కడో గాయమైంది, బాగు చేద్దామని అవి సాయానికి వస్తాయి. వాటికి తెలియదు. వాటి కత్తెరలతోనే గడ్డ దారి చేసుకుంటుంది."

మంచివే. పక్కనుండేవే. సాయానికే వస్తాయి.

"వదినా, అలగున్నావేటి? నీలు తాగుతావా?" అన్నాడు పాపారావు.

నీళ్ళు తాగాను. ఆ కత్తెరలను విరగ్గొట్టే మందు లేదా అని అడిగాను. చాలామంది ప్రయత్నించారని, అన్నిటినీ ఒక్కసారే ఆపబోతే అనుకున్నంత మేలు జరగలేదని చెప్పింది. ఆ కత్తెరల్లో కొన్ని గాయాలు మాన్పేవట, కొన్ని గడ్డనే అడ్డుకునేవట. ఏది ఎప్పుడు ఆపాలో ఇంకా వెతుకుతున్నారట. "ఇప్పటికి మన చేతిలో ఉన్నది తొందరగా రావడమే," అంది. తర్వాత పుస్తకం తీసి, "మొదట ఎప్పుడు చూశారు దీన్ని?" అని అడిగింది.

"నెల్రోజులైనాదేమో," అన్నాను. అదీ అబద్ధమే.

ఆపరేషన్ రోజు పొద్దున లోపలికి తీసుకెళ్ళారు, పొద్దు వాలాక బయటికి తెచ్చారు. ఆ వరండాలో నేను చేసిన పని ఒక్కటే, నాలుగు నెలల్ని రోజులుగా విడదీసుకోవడం. ఏ రోజు తేనె రాశాను, ఏ రోజు పటిక, ఏ రోజు పళ్ళ వైపు చూసి తగ్గుతోందన్నాను. ప్రతి రోజుకీ ఒక దారం తెగుతున్నట్టే ఉండేది. ఆ తర్వాత వారాల తరబడి కరెంటు. మెడ నల్లగా కమిలిపోయింది, ఉమ్మి మింగలేదు, చల్లటి జావ కూడా కారంలా తగిలేది. ఒంటికి స్నానం చేయించింది నేనే, జావ పట్టింది నేనే. నర్సులు నన్ను చూపించి మిగతావాళ్ళకి చెప్పేవారు, "తోడికోడలంటే ఆవిడే" అని. ఒక్కోసారి వాళ్ళ నోరు మూయాలనిపించేది.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత హేమ ఇల్లు చేరింది. అంగిట్లో తీసేసిన చోట మూయడానికి పలక ఒకటి చేసిచ్చారు, పళ్ళసెట్టులా పెట్టుకోవడం, తీసి కడుక్కోవడం. అది ఉంటే మాట బాగానే వస్తుంది. తీస్తే మాటంతా ముక్కులోకి పోతుంది, తాగిన నీళ్ళూ ముక్కులోంచి వస్తాయి. "అత్తోరింట్లో ఇన్నాల్టికి నా నోటికి తలుపెట్టేరు," అని తనే నవ్వింది.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. పదిమంది అరుగు నిండా కూర్చున్నారు. హేమ నా చేయి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా అక్కే లేకపోతే నాను మట్టిలో కలిసిపోయేదాన్ని. కన్నతల్లి కూడా ఇలగ సెయ్యదు," అంది.

"అదురుట్టమమ్మా," అన్నారు వాళ్ళు. ఒకావిడ నా కాళ్ళ వైపు వంగబోయింది.

నేను లేచి లోపలికి పోయాను. వాళ్ళు వెళ్ళేదాకా వంటింట్లో నిలబడ్డాను. తర్వాత ట్రంకుపెట్టె తీసి, పట్టుచీర మడత విప్పి, టెక్కలి కాగితం తెచ్చి హేమ ఒళ్ళో పెట్టాను. ఆమె పదో తరగతి చదివింది. కాగితం మీద తేదీ చూసింది.

"ఏటిది?"

చెప్పాను. డాక్టరమ్మ ఏమంది, నేను ఏమన్నాను, జిలేబీ, పటిక, అడ్డపొగ, ఏం అడుగుతారని భయపడ్డానో, అన్నీ చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

హేమ కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత నోట్లోంచి పలక తీసి, పక్కనున్న గిన్నెలో నీళ్ళలో వేసింది. ఇక నాతో మాట్లాడనని చెప్పడానికి ఆమెకి ఆ తలుపు తీసేయడం చాలు.

ఎనిమిది రోజులు. జావ తనే కాచుకుంది. నేను పెట్టింది గిన్నెతో సహా అరుగు మీద పెట్టేసేది. పాపారావు వచ్చి, "ఏటైనాది వదినా మీ ఇద్దరికీ? అడిగితే సెప్పదు," అన్నాడు. అతనికీ చెప్పాను. అతను నన్ను తిట్టలేదు, చెప్పులేసుకుని తోట వైపు వెళ్ళిపోయాడు. తిడితే తేలికగా ఉండేది.

తొమ్మిదో రోజు పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. హేమ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఫోను నా చేతిలో పెట్టింది. పలక తీసి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచింది.

లైటు వేశాను. అంతకుముందు జావ పట్టాను, గాయం కడిగాను, కాని తిన్నగా ఎన్నడూ చూడలేదు. అంగిలి ఉండాల్సిన చోట గుంట. ముక్కు దాకా కనబడుతోంది. ఎర్రగా, తడిగా ఉంది. నేను చూపు తిప్పబోతే, ఆమె తన చేత్తో నా మణికట్టు పట్టి ఆపింది. బాగా చూశాక వదిలింది. పలక పెట్టుకుంది.

"ఆవేళ నా నోట్లో ఉన్నది డాక్టరమ్మ నీకే సెప్పినాది. నువ్వు నాకు సెప్పనేదు. ఇకమీదట రోజూ నువ్వే సూడు. ఉంటే ఉందను. లేకపోతే లేదను."

"హేమా, నన్ను..."

"అది అడక్కు. సూసింది సెప్పు. అంతే."

అక్కా అనలేదు. ఇప్పటికీ అనదు.

రోజూ పొద్దున చూస్తున్నాను. ఆ మెట్టు దగ్గరే ఫ్యాక్టరీ ఆడవాళ్ళూ కొందరు నోరు తెరిచి చూపించుకుంటున్నారు. తెల్లమచ్చ మధ్య ఎర్రగా ఉన్నా, గట్టిగా తగిలినా, రెండు వారాలకి మానకపోయినా, నేను పుక్కిలించమని ఏమీ చెప్పను. బస్సెక్కమంటాను. ఇది చదివేవాళ్ళకీ అదే చెబుతున్నాను. ముక్క తీస్తారని భయపడి ఆగకండి. మీరు ఆగినా లోపలి కత్తెర ఆగదు.

మొన్న వానల్లో ఒక పొద్దున, గుంట అంచున బియ్యపుగింజంత తెల్లగా కనిపించింది. దగ్గరగా చూశాను. మళ్ళీ చూశాను. "ఏటీ లేదు" అన్న మాట నాలుక చివరికి తనంతట తనే వచ్చి కూర్చుంది. అంత అలవాటైన మాట అది.

"ఉంది," అన్నాను. "కుడివైపు, అంచున. బియ్యపుగింజంత. రైలుకి పద."

హేమ నా కళ్ళలోకి చూసింది. లోపలికెళ్ళి చీర మార్చుకుంది.

విశాఖలో ముక్క తీశారు. రిపోర్టు కోసం మళ్ళీ వెళ్ళిన రోజు జనం ఎక్కువగా ఉన్నారు. రైలు కుదుపుకి తల తిరిగి హేమ వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది. పేరు పిలిస్తే నేను వెళ్ళాను. పలక అంచు ఒరుసుకుని లేచిన పుండట, జబ్బు తిరగబెట్టలేదట. కాగితం ఇచ్చారు. తలుపు నుంచి బెంచీ దాకా మళ్ళీ నడిచాను.

"ఏటన్నారు?"

"ఏటీ లేదు. పలక ఒరుసుకున్నాదట."

హేమ చేయి చాచింది. కాగితం ఇచ్చాను. పైనుంచి కిందదాకా చదివింది. తర్వాత లేచి, కొంగు దోపుకుని, గోడ పట్టుకుంటూ డాక్టరమ్మ గదిలోకి తనే వెళ్ళింది. నేను సంచీ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. నాకు కోపం రాలేదు, రాకూడదు కూడా. లోపల ఎంతసేపుందో తెలియదు. ఈలోగా నాలుగు పేర్లు పిలిచారు.

బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చేతిలోంచి సంచీ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు సెప్పింది నిజమే," అంది.